400 రొయ్యల గుంటల సెన్సార్ డేటా మొత్తం 83 జీబీయే, క్లౌడ్ బిల్లు మాత్రం నెలకు 50 వేలు దాటుతోంది

విడవలూరు_గుంటకట్ట:

అందరికీ నమస్కారం. నెల్లూరు జిల్లా విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు మండలాల్లో వనామీ రకం రొయ్యల సాగు చేసే రైతుల గుంటలలో నీటి నాణ్యతను సెన్సార్లతో కనిపెట్టి, తేడా వచ్చినప్పుడు వారిని హెచ్చరించే ఒక చిన్న సంస్థలో నేను సాంకేతిక పనులు చూస్తున్నాను. సంస్థ అంటే ఆరుగురమే. మా వైపు రొయ్యల చెరువును గుంట అంటాం కాబట్టి ఇక్కడ కూడా ఆ మాటే వాడుతున్నాను.

ప్రతి గుంటలోనూ ఒక పెట్టె ఉంటుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ (మేము డీవో అంటాం), పీహెచ్, ఉష్ణోగ్రత, ఉప్పదనం, ఈ నాలుగింటినీ అది నిమిషానికి ఒకసారి కొలిచి, మోటారు షెడ్డులో ఉన్న గేట్‌వేకు పంపుతుంది. ఒక్కో గేట్‌వే కింద సుమారు పది గుంటలు ఉంటాయి. అక్కడి నుంచి సిమ్ కార్డు ద్వారా క్లౌడ్‌కు చేరిన ప్రతి రీడింగునూ మా ప్రోగ్రాము 400 బైట్ల జేసన్ (అక్షరాల రూపంలోని) ఫైలుగా మార్చి, తేదీవారీ ఫోల్డర్లలో వేస్తుంది. మా డాష్‌బోర్డు అరగంటకొకసారి ఆ ఫోల్డర్ల మీద క్వెరీ (డేటాను వెతికే ప్రశ్న) నడిపి, గడచిన 24 గంటల గ్రాఫులను తిరిగి గీస్తుంది. ఇవి కాక, మేత వేసిన తరువాత చెక్ ట్రేను (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) పైకి తీసి సూపర్‌వైజర్లు రోజుకు నాలుగుసార్లు ఫోటో తీస్తారు. ఒక్కో ఫోటో 3 ఎంబీ వరకు ఉంటుంది.

గత ఏడాదిగా 400 గుంటలు నడుస్తున్నాయి. సెన్సార్ డేటా అంతా కలిపి 83 జీబీ ఉందని బకెట్ (క్లౌడ్‌లో మా ఫైళ్లు ఉండే చోటు) చూపిస్తోంది. ఫోటోలు 1.7 టీబీ అయ్యాయి. ఇంత కొద్దిపాటి నిల్వకు నెలకు 50 వేల రూపాయలకు పైగా బిల్లు ఎందుకు వస్తోందో నాకు అర్థం కావడం లేదు. నెల మొత్తానికి ఒక నివేదిక తీయబోతే క్వెరీ అరగంట సేపు తిరిగి, గడువు మించిందని ఆగిపోతోంది.

మాకు తెలిసిన ఒక సలహాదారు ఇది బిగ్ డేటా సమస్య అనీ, స్పార్క్ క్లస్టరు (పెద్ద డేటాను పంచుకుని పనిచేసే యంత్రాల గుంపు) పెట్టుకోక తప్పదనీ అంటున్నారు. మా భాగస్వామి ఒకరేమో ముంబై నుంచి హైదరాబాదు రీజియన్‌కు (క్లౌడ్ యంత్రాలుండే ప్రాంతానికి) మారితే దగ్గర కాబట్టి ఖర్చు తగ్గుతుందని, లేదంటే క్లౌడ్ సంస్థనే మార్చేద్దామని అంటున్నారు. నేను చదివింది ఎలక్ట్రానిక్స్. పెట్టెలూ ప్రోబులూ అయితే చూసుకోగలను గాని, ఈ నిల్వ వ్యవహారంలో ఎవరి మాట వినాలో తెలియడం లేదు. దయచేసి అనుభవం ఉన్నవారు చెప్పగలరు.


పొదలకూరు_నిమ్మతోట:

రోజూ చూడని పాత డేటాను ఖరీదైన నిల్వలో ఎందుకు ఉంచుతున్నారు? నెల దాటిన ఫైళ్లన్నింటినీ తక్కువ ధర ఉండే తరగతిలోకి, మూడు నెలలు దాటినవాటిని ఆర్కైవ్‌లోకి వాటంతట అవే జరిగిపోయేలా నియమం పెట్టండి. మా కార్యాలయంలో స్కాన్ చేసిన దస్త్రాలకు ఇలాగే చేశాం, నిల్వ పద్దు సగానికి పైగా తగ్గింది. మీరు ముందు ఇది చేసి, తరువాత మిగతా సంగతి ఆలోచించవచ్చు.


కొత్తపట్నం_కెరటం:

నిమ్మతోట గారు చెప్పినది స్కాన్ దస్త్రాలకు సరైన సలహాయే గాని, ఈ 400 బైట్ల ఫైళ్లకు మాత్రం దయచేసి చేయకండి. కారణం చివర చెబుతాను. నా సొంత ఊరు ఒంగోలు పక్కన కొత్తపట్నం, పని హైదరాబాదులో. పదకొండేళ్లుగా ఈ డేటా గొట్టాలు వేసే పనిలోనే ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీరు ఏ సంస్థ క్లౌడ్ వాడుతున్నారో రాయలేదు. నేను అమెజాన్ వారి నిల్వ సేవ ఎస్3 ముంబై రీజియన్ ధరలతో లెక్క కడతాను. వేరే సంస్థ అయితే అంకెలు మారతాయి గాని, ఏ పద్దు పెద్దది, ఏది చిన్నది అనే వరుస మారదు.

నిల్వ ధర జీబీకి నెలకు 0.025 డాలర్లు. మీ 83 జీబీకి అయ్యేది 2 డాలర్ల చిల్లర. ఫోటోలకు 43 డాలర్లు. అంటే నిల్వ మొత్తం 45 డాలర్లు దాటదు. మరి మిగతా డబ్బు ఎక్కడికి పోతోందంటే, క్లౌడ్‌లో వస్తువును (అంటే ఫైలును) ఉంచినందుకే కాక, పెట్టినందుకూ తీసినందుకూ కూడా విడిగా రుసుము ఉంటుంది. ఫైలు చిన్నదా పెద్దదా అని చూడకుండా 1,000 ఫైళ్లు రాస్తే 0.005 డాలర్లు, 1,000 ఫైళ్లు చదివితే 0.0004 డాలర్లు తీసుకుంటారు. వినడానికి లెక్కలోకి రాని మొత్తాలు. మీ గుంటలు 400, రోజుకు 1,440 నిమిషాలు, అంటే రోజుకు 5,76,000 ఫైళ్లు, నెలకు 1 కోటి 73 లక్షలు. వాటిని రాసినందుకే నెలకు 86 డాలర్లు అవుతుంది.

అసలు దెబ్బ డాష్‌బోర్డు దగ్గర తగులుతోంది. గడచిన 24 గంటలు కావాలంటే అది నిన్నటి ఫోల్డరు మొత్తాన్నీ, ఇవాళ అప్పటిదాకా చేరిన ఫోల్డరునూ తెరవాలి. సగటున ఒకటిన్నర రోజు డేటా, అంటే ఒక్కో క్వెరీకి 8,64,000 ఫైళ్లు. రోజుకు 48 సార్లు, నెలకు 30 రోజులు లెక్క వేస్తే 124 కోట్లకు పైగా చదువులు. దానికి 498 డాలర్లు. ఎథీనా వంటి క్వెరీ సేవ టీబీకి 5 డాలర్ల చొప్పున తీసుకునే స్కానింగు రుసుము ఇందులో కేవలం రెండున్నర డాలర్లే. అన్నీ కూడితే 630 డాలర్లు, మీరు చెప్పిన 50 వేలకు పైన అన్నది సరిపోయింది. పుట్టి వడ్లను గింజకో గోతం చొప్పున నింపి, గోతానికి ఇంత అని హమాలీ కూలి ఇచ్చినట్లుంది మీ పరిస్థితి. ఇక్కడ వడ్ల బరువుది తప్పు లేదు.

బిల్లులో మీరే చూసుకోవచ్చు. అమెజాన్ అయితే ఖర్చును వాడక రకం ప్రకారం విడదీసి చూపమంటే ఏపీఎస్3-రిక్వెస్ట్స్-టైర్1 అని రాతలూ జాబితాలూ, టైర్2 అని చదువులూ విడివిడిగా కనిపిస్తాయి. (ఆ ఏపీ మన ఆంధ్రప్రదేశ్ కాదు, ఆసియా పసిఫిక్. మా జట్టులో కొత్తగా చేరిన ప్రతి తెలుగువాడూ ఒకసారి పొరబడతాడు.)

ఈ జబ్బు కొత్తది కాదు. 2006లో వచ్చిన హడూప్ (పెద్ద డేటాను చాలా యంత్రాల్లో దాచి నడిపే సాఫ్ట్‌వేరు) రోజుల నుంచీ దీన్ని చిన్న ఫైళ్ల సమస్య అనే పిలుస్తున్నారు. హడూప్ నిల్వ పద్ధతిలో ఫైలును 128 ఎంబీ దిమ్మెలుగా కోస్తారు. ఏ దిమ్మె ఎక్కడుందో నేమ్‌నోడ్ అనే ఒక్క యంత్రం తన మెమరీలో గుర్తుపెట్టుకుంటుంది. ఫైలుకు 150 బైట్లు, దిమ్మెకు మరో 150 బైట్లు పడతాయని స్థూలమైన లెక్క. మీ ఏడాది ఫైళ్లు 20 కోట్ల 73 లక్షలు. వాటి పేర్లు గుర్తుపెట్టుకోవడానికే 62 జీబీ మెమరీ కావాలి, లోపలి సరుకేమో 83 జీబీ. ఇప్పుడు మీ సలహాదారు చెప్పిన స్పార్క్ క్లస్టరు పెట్టినా, అది కూడా ఇవే ఫైళ్లను ఒక్కొక్కటిగా తెరవాల్సిందే. చదువుల పద్దు అలాగే ఉంటుంది, పైన యంత్రాల అద్దె కలుస్తుంది. స్పార్క్ మంచి పనిముట్టు, నేను రోజూ వాడేదే. కానీ 83 జీబీకి అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

చేయవలసినది ఏమిటంటే, రీడింగులు పోగుపడే చోటును క్లౌడ్ నుంచి గేట్‌వేకు మార్చాలి. షెడ్డులోని గేట్‌వే 15 నిమిషాలపాటు తన కిందనున్న పది గుంటల రీడింగులను కూడబెట్టి, కుదించి, ఒకే ఫైలుగా పంపాలి. 40 గేట్‌వేలు, రోజుకు 96 ఫైళ్లు అంటే నెలకు 1,15,200 రాతలు. 86 డాలర్ల స్థానంలో అర డాలరు చిల్లర వస్తుంది. గేట్‌వే ప్రోగ్రాము మార్చడం కష్టమైతే, మధ్యలో ఫైర్‌హోస్ లాంటి పోగుచేసే సేవను పెట్టుకోవచ్చు. అది 400 బైట్ల రికార్డునూ 5 కేబీగానే లెక్కిస్తుంది కాబట్టి మీ నెలసరి 7 జీబీ దాని పద్దులో 82 జీబీ అవుతుంది. అయినా ఖర్చు కొద్ది డాలర్లలోనే ఉంటుంది.

ఆ తరువాత రోజుకొకసారి, ముందు రోజు ఫైళ్లన్నింటినీ కలిపి ఒకే పార్కే ఫైలుగా రాయండి. 2013లో వచ్చిన ఈ పార్కే రూపంలో డేటా వరుసలవారీగా కాక నిలువుగా, అంటే డీవోలన్నీ ఒకచోట, పీహెచ్‌లన్నీ ఒకచోట ఉంటుంది. నిమిషానికీ నిమిషానికీ మధ్య నీటి ఉష్ణోగ్రత పెద్దగా మారదు కాబట్టి అలా పక్కపక్కన చేరిన అంకెలు బాగా కుదించుకుపోతాయి. మీ రోజువారీ 230 ఎంబీ జేసన్ ఇరవై ఎంబీల దరిదాపుల్లోకి వస్తుందని నా అంచనా. డీవో ఒక్కటే కావాలన్న క్వెరీ మిగతా నిలువు వరుసలను ముట్టుకోనే ముట్టుకోదు. నెల నివేదిక అంటే అప్పుడు 30 ఫైళ్లు. దానికి క్లౌడ్ క్వెరీ సేవ కూడా అక్కరలేదు, డక్‌డీబీ అనే ఉచిత సాధనంతో మీ ల్యాప్‌టాప్‌లోనే కొన్ని సెకన్లలో తేలిపోతుంది.

డాష్‌బోర్డును మాత్రం బకెట్ మీద నుంచి పూర్తిగా తప్పించండి. ఇటీవలి రెండు రోజుల రీడింగులు 11 లక్షల 52 వేల వరుసలే. ఒక చిన్న యంత్రం మీద నడిచే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసుకు అది బరువే కాదు.

ఒక్క జాగ్రత్త. పోగుచేయడం నిల్వకు మాత్రమే, హెచ్చరికకు కాదు. తెల్లవారుజామున డీవో లీటరుకు 3 మిల్లీగ్రాముల దగ్గరకు దిగితే రైతు ఫోను ఆ నిమిషంలోనే మోగాలి. వీలైతే షెడ్డులో గేట్‌వేకే ఒక సైరను తగిలించండి, సిగ్నలు లేని రాత్రి కూడా అది కూస్తుంది. హెచ్చరిక దారిని, నిల్వ దారిని మొదటి నుంచీ విడివిడిగా ఉంచినవారికి తరువాత తలనొప్పులు తక్కువ.

ఇక చౌక తరగతి సంగతి. ఆ తరగతిలో 128 కేబీ కంటే చిన్న వస్తువునైనా 128 కేబీగానే లెక్క కడతారు. మీ ఒక నెల ఫైళ్లు నిజానికి 7 జీబీ లోపు, కానీ అక్కడకు జరిపితే 2 టీబీకి పైగా బిల్లు పడుతుంది. జరిపినందుకు వస్తువు లెక్కన రుసుము వేరే. ఇలా మునిగినవారు ఎక్కువై కాబోలు, 2024 సెప్టెంబరు నుంచి 128 కేబీ లోపు వస్తువులను ఆటోమేటిక్ నియమాలు ముట్టుకోకుండా అమెజాన్ వారు మార్చారు. నేరుగా ఆ తరగతిలోకి ఎక్కిస్తే మాత్రం ఇప్పటికీ అంతే.

హైదరాబాదు రీజియన్ 2022 నవంబరులో వచ్చింది. మీ పనికి ముంబై అయినా అదైనా ఒకటే. దూరం తగ్గితే డేటా చేరడానికి పట్టే సమయం కాస్త తగ్గుతుందేమో గాని రిక్వెస్టుల సంఖ్య తగ్గదు, పైగా ఒక రీజియన్ నుంచి మరొక దానికి తరలించడానికి జీబీల లెక్కన చెల్లించాలి.


చీమకుర్తి_నల్లపలక:

కెరటం గారు సెన్సార్ల సంగతి పూర్తిగా చెప్పేశారు. నాకు తెలిసినది ఫోటోల గొడవ, ఎందుకంటే మేము గ్రానైటు పలకల ఫోటోలతోనే బతుకుతున్నాం. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ పలకలో బంగారు చుక్కలు ఎంత దట్టంగా ఉన్నాయన్నదాన్ని బట్టే ధర ఉంటుంది కాబట్టి, విదేశాల్లోని కొనుగోలుదారు పలకను తన తెరమీద పెద్దది చేసి చూస్తాడు. అందుకని ఒక్కో పలకను 40 ఎంబీ ఫోటోగా తీసి క్లౌడ్‌లో పెడతాం.

మేము మొదట్లో చేసిన తప్పు చెబుతాను, మీకు పనికొస్తుంది. జాబితా పేజీలో చిన్న బొమ్మలు చూపించడానికి కూడా అసలు ఫోటోలనే వాడాం. తెరమీద అవి అగ్గిపెట్టెంత కనిపించేవి, కానీ 60 పలకల జాబితా తెరిచిన ప్రతిసారీ 2.4 జీబీ బయటకు వెళ్లేది. క్లౌడ్‌లోకి డేటా ఎక్కించడానికి సాధారణంగా డబ్బు తీసుకోరు, దించుకోవడానికి తీసుకుంటారు. ఆ నెల బిల్లు చూసి మా యజమాని, క్వారీలో రాయి తవ్వే ఖర్చు కంటే దాని బొమ్మ చూపించే ఖర్చు ఎక్కువగా ఉందే అన్నారు. ఇప్పుడు ప్రతి ఫోటోకూ ఒక చిన్న నకలు ఎక్కించేటప్పుడే తయారుచేస్తున్నాం.

మీ చెక్ ట్రే ఫోటోకు అంత స్పష్టత అవసరమా అన్నది ముందు ఆలోచించండి. ట్రేలో మేత ఎంత మిగిలింది, రొయ్యల పేగు నిండుగా ఉందా అని చూడడానికి 300 కేబీ చాలని నా అనుమానం. సూపర్‌వైజరు ఫోనులోనే తగ్గించి పంపితే మీ నెలసరి 144 జీబీ కాస్తా 14 జీబీ అవుతుంది, వారి సిమ్ డేటా కూడా మిగులుతుంది.

మరొకటి, ఇది బకెట్‌లో ఎంత వెతికినా కనిపించని ఖర్చు. పెద్ద ఫైళ్లు ముక్కలుగా ఎక్కుతున్నప్పుడు మధ్యలో సిగ్నలు పోతే, అప్పటికి ఎక్కిన ముక్కలు అక్కడే ఉండిపోతాయి. ఫైళ్ల జాబితాలో కనపడవు గాని నిల్వ బిల్లులో మాత్రం ఉంటాయి. క్వారీ దగ్గర సిగ్నలు ఎలా ఉంటుందో ఊహించుకోండి, మాకు అలా రెండేళ్ల ముక్కలు పేరుకుపోయాయి. పూర్తికాని ఎక్కింపులను ఏడు రోజుల తరువాత తుడిచెయ్యమని ఒక్క నియమం పెడితే పోతుంది. మీ ఫోటోలు 3 ఎంబీయే కాబట్టి ముక్కలు కాకపోవచ్చు, అయినా ఆ నియమం ఉంచండి.

పట్టుబడి (రొయ్యలు పట్టడం) అయిపోయిన గుంట ఫోటోలను మాత్రం ఆర్కైవ్‌లో పెట్టవచ్చు, అయితే విడివిడిగా కాదు. 120 రోజుల పంటకు రోజుకు నాలుగు చొప్పున 480 ఫోటోలు, వాటిని ఒకే మూటగా కట్టి ఒక్క ఫైలుగా పంపండి. గ్లేసియర్ డీప్ ఆర్కైవ్ లాంటి అడుగు తరగతిలో 180 రోజుల కనీస గడువు ఉంటుంది, ముందే తుడిచినా ఆ గడువుకు డబ్బు కట్టాలి. తిరిగి తీసుకోవాలంటే మామూలు పద్ధతిలోనే 12 గంటల వరకు పట్టవచ్చు. రేపు ఉదయమే ఎవరైనా అడుగుతారనుకునేవాటిని అక్కడ పెట్టవద్దు.

సంస్థ మార్చడం గురించి ఒక మాట. పూర్తిగా వదిలి వెళ్లేవారి నుంచి డేటా దించుకున్నందుకు రుసుము తీసుకోబోమని 2024 జనవరిలో గూగుల్, మార్చిలో అమెజాన్, మైక్రోసాఫ్ట్ ప్రకటించాయి. ముందుగా చెప్పి అనుమతి తీసుకోవాలి. కానీ ఇదే అలవాటుతో ఎక్కడికి వెళ్లినా బిల్లు ఇలాగే వస్తుందని మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది.


విడవలూరు_గుంటకట్ట:

ఇద్దరికీ కృతజ్ఞతలు. బిల్లును పద్దులవారీగా విడదీసి చూశాను. అంకెల్లో కొద్దిపాటి తేడాలున్నా వరుస మీరు చెప్పినట్టే ఉంది. చదువులు మొదట, రాతలు తరువాత, ఫోటోల నిల్వ మూడోది. ఏడాదిగా నేను సెన్సార్ నిల్వ అనే నాలుగో పద్దును తగ్గించడానికి తంటాలు పడుతున్నానన్నమాట. డాష్‌బోర్డును నిన్న సాయంత్రమే ఆపేసి, పోస్ట్‌గ్రెస్‌కు మార్చే పని మొదలుపెట్టాను.

మీరు చెప్పిన రోజువారీ పార్కే ఫైలు రాయబోతే రెండు చిక్కులు ఎదురయ్యాయి. మొదటిది, మా ఫోల్డరు పేరు రీడింగు తీసిన సమయాన్ని బట్టి కాక, క్లౌడ్‌కు చేరిన సమయాన్ని బట్టి పడుతోంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు మాకు 60 గుంటలే ఉండేవి. కరెంటూ సిగ్నలూ లేక గేట్‌వేలు రెండు రోజులు బ్యాటరీ మీద రీడింగులను దాచుకుని, లైను వచ్చాక ఒక్కసారిగా పంపాయి. తుపాను నాటి రాత్రి ఫోల్డరు ఖాళీగా ఉంది, రెండు రోజుల తరువాతి ఫోల్డరు ఉబ్బిపోయింది, కొన్ని రీడింగులు రెండేసి సార్లు కూడా వచ్చాయి. ఆ పాత డేటాను అప్పుడే హార్డ్‌డిస్కులోకి దించేశాం గాని, మన దగ్గర ఎక్కువ వానలు అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే కాబట్టి ఇది ఏటా జరిగేదే.

రెండవది, సర్వరు గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంది. రైతు గత రాత్రి డీవో ఎంతకు పడిందని అడిగితే మా నివేదిక రెండు వేర్వేరు తేదీల కింద రెండు అంకెలు చూపిస్తోంది.

ఇంతకీ ఆ 20 కోట్ల పాత ఫైళ్లను ఏం చేయాలి? అలా వదిలేయమంటారా?


కొత్తపట్నం_కెరటం:

రెండవ చిక్కు నాకు బాగా నచ్చింది, అందుకే దానితో మొదలుపెడతాను. యూటీసీలో అర్ధరాత్రి అంటే మనకు ఉదయం 5:30. గుంటలో నాచు పగలంతా ఆక్సిజన్ విడుదల చేసి, రాత్రంతా రొయ్యలతో పాటు తానూ పీల్చుకుంటుంది కాబట్టి, డీవో బాగా అడుగంటేది తెల్లవారే ముందే. అంటే మీ ఫోల్డర్ల కత్తెర సరిగ్గా అసలైన చోటే పడుతోంది. మన సమయానికి మార్చి అర్ధరాత్రి దగ్గర కోసినా, రాత్రి రెండు ముక్కలే అవుతుంది. నా సలహా ఏమిటంటే, రీడింగు సమయాన్ని యూటీసీలోనే ఉంచండి, దాన్ని మార్చవద్దు. దానికి పక్కన ‘రాత్రి తేదీ’ అని మరొక నిలువు వరుస పెట్టి, మధ్యాహ్నం 12 నుంచి మరునాటి మధ్యాహ్నం 12 వరకు ఒకే తేదీ ఇవ్వండి, ఫైళ్లను ఆ తేదీ ప్రకారమే విడదీయండి. మన దేశంలో గడియారాలను ముందుకూ వెనక్కూ జరిపే అలవాటు లేదు కాబట్టి 5:30 గంటల తేడా ఎప్పుడూ స్థిరమే. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలైనప్పుడు గుంట రోజు మధ్యాహ్నంతో మొదలైతే తప్పేముంది?

ఆలస్యంగా వచ్చే డేటాకు మందు కూడా ఇక్కడే ఉంది. ఏ ఫైలులోకి వెళ్లాలన్నది రీడింగు తీసిన సమయమే నిర్ణయించాలి, చేరిన సమయం కాదు. రోజువారీ కలిపే పని నిన్నటి ఒక్క రోజునే కాక గడచిన నాలుగు రోజులనూ ప్రతిసారీ మొదటి నుంచి తిరగరాయాలి. ఇరవై ఎంబీల ఫైళ్లు నాలుగు తిరగరాయడం ఖర్చే కాదు. తుపాను వంటిది వస్తే ఆ పరిధిని పది రోజులకు పెంచి ఒకసారి నడపండి. ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే వచ్చేలా రాయడం ముఖ్యం, పాత ఫైలుకు కొత్త వరుసలు తగిలించే పద్ధతి పెట్టుకుంటే చిక్కుల్లో పడతారు.

రెండేసి సార్లు వచ్చినవాటికి గేట్‌వే తప్పు పట్టకండి. మీరు ఎంక్యూటీటీ (సెన్సార్ల సందేశాలు పంపే పద్ధతి) వాడుతుంటే, అందులో క్యూఓఎస్ 1 అనే స్థాయి హామీకి అర్థం కనీసం ఒకసారి చేరుతుందనే గాని, ఒక్కసారే చేరుతుందని కాదు. అందినట్లు జవాబు రాకపోతే గేట్‌వే మళ్లీ పంపుతుంది, అది దాని ధర్మం. పెట్టె సంఖ్య, రీడింగు సమయం రెండూ ఒకటైన వరుసలలో ఒకటే ఉంచమని కలిపే పనిలో రాస్తే సరిపోతుంది.

పాత ఫైళ్లను వదిలేయవద్దు. నెల నివేదిక ఆగిపోతున్నది వాటి వల్లే. మొత్తం 20 కోట్ల 73 లక్షల చదువులకు 83 డాలర్లు, జాబితా తీయడానికి ఒక డాలరు చిల్లర. ఒకే ఒక్కసారి ఖర్చు. ఎస్3లో ఒక్కో ప్రిఫిక్స్‌కు (ఫైలు పేరులోని ఫోల్డరు భాగానికి) సెకనుకు 5,500 చదువులు తేలికగా అందుతాయి, ఆ వేగంతో పదిన్నర గంటల పని. మొదట ఒక్క రోజు ఫోల్డరుతో చేసి, వరుసల సంఖ్య 5,76,000కు దగ్గరగా ఉందో లేదో సరిచూసుకోండి. పెట్టె ఆగిన నిమిషాలు ఉంటాయి కాబట్టి కాస్త తక్కువే వస్తుంది. ఎక్కువ వస్తే మాత్రం ఎక్కడో నకళ్లు మిగిలాయన్నమాట. తరువాత నెల వెంట నెల చేయండి.

ఈ పని నడిచే యంత్రం అదే రీజియన్‌లో ఉండాలి, మీ ఇంటి ల్యాప్‌టాప్‌లో కాదు. ఆ యంత్రం ప్రైవేటు నెట్‌వర్కులో ఉంటే, ఎస్3కు గేట్‌వే ఎండ్‌పాయింటు (నేరుగా వెళ్లే లోపలి దారి, షెడ్డులోని గేట్‌వే కాదు) పెట్టుకోండి, అది ఉచితం. లేకపోతే ప్రతి జీబీ నాట్ గేట్‌వే (ప్రైవేటు నెట్‌వర్కు నుంచి బయటకు వెళ్లే దారి) గుండా వెళ్లి, దానికి విడిగా రుసుము కట్టవలసి వస్తుంది. పార్కే ఫైళ్లను సరిచూసుకున్న తరువాత పాతవాటిని గడువు తీరిన వస్తువులుగా తుడిచెయ్యమని నియమం పెట్టండి, తుడవడానికి రుసుము లేదు. బకెట్‌కు వెర్షనింగ్ (మార్చినా తుడిచినా పాత ప్రతిని ఉంచే ఏర్పాటు) పెట్టి ఉంటే పాత వెర్షన్లకు కూడా విడిగా నియమం ఉండాలి, లేదంటే తుడిచామని మీరు అనుకుంటారు, అవి అక్కడే ఉంటాయి.

చివరిగా, నిమిషం రీడింగులను 15 నిమిషాల సగటులుగా మార్చి అసలువాటిని పారెయ్యమని ఎవరైనా చెబితే వినకండి. ఏరేటరు (నీటిలో గాలి కలిపే యంత్రం) ఆగిపోయిన ఐదు నిమిషాల్లో డీవో 4 నుంచి 2.5కు పడి లేచిందనుకోండి, సగటులో ఆ సంగతి మాయమవుతుంది. సారాంశం కావాలంటే కనిష్ఠం, గరిష్ఠం, సగటు మూడూ ఉంచండి. అసలు డేటా పార్కేలో ఏడాదికి ఏడెనిమిది జీబీ మించదు, నెలకు పాతిక సెంట్ల లోపు నిల్వ అది. దాన్ని పారేసి మిగుల్చుకునేది ఏమీ లేదు.


విడవలూరు_గుంటకట్ట:

ఆరు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి, మధ్యలో పట్టుబడులు వచ్చాయి.

40 గేట్‌వేలలో 33 కొత్త ప్రోగ్రాముకు మారాయి. మిగతా ఏడు పాత రకం బోర్డులు, వాటికి పోగుచేసే సేవనే మధ్యలో పెట్టాం. పాత ఫైళ్లలో తొమ్మిది నెలలవి పార్కేగా మార్చాను. మొదటి రోజు ఫోల్డరులో 5,71,000 వరుసలు వచ్చాయి, అందుకే ధైర్యంగా ముందుకు వెళ్లాను. ఈ నెల బిల్లు 9 వేల చిల్లర వచ్చింది, అందులో పెద్ద వాటా ఫోటోలది. నల్లపలక గారు చెప్పినట్లు ఫోటోను ఫోనులోనే తగ్గించి చూశాం. పేగు నిండుగా ఉందో లేదో 300 కేబీలో సరిగ్గా తెలియడం లేదని సూపర్‌వైజర్లు అన్నారు, 600 దగ్గర ఒప్పుకున్నారు.

‘రాత్రి తేదీ’ పెట్టిన మరునాడు అల్లూరు వైపు ఒక గుంట గ్రాఫు తీసి చూశాం. ఉదయం 5:20కి 3.1, 5:40కి 2.9, ఆ రెండు అంకెలూ ఇంతకు ముందు రెండు వేర్వేరు రోజుల్లో ఉండేవి. ఆ రైతు కరెంటు ఖర్చు చూసుకుని 5 గంటలకల్లా రెండు ఏరేటర్లు ఆపేస్తున్నాడని ఆ గీత చూశాకే మాకు తెలిసింది. ఇప్పుడు ఆరున్నర దాకా నడుపుతున్నాడు.

మిగిలిన మూడు నెలల పాత ఫైళ్లను వచ్చే వారం మారుస్తాను. బకెట్‌కు వెర్షనింగ్ పెట్టి ఉందని మీరు అన్నాకే చూశాను, ఉంది.